ముప్పైయేడో సిఫారసు

నంద్యాలలో కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన ఆచార్య లక్ష్మీనారాయణ గారు విలేకరులను పిలిపించి, మిరపకాయ బజ్జీలు పెట్టించి, ఒక చారిత్రక ప్రకటన చేశారు. రాజనీతిశాస్త్ర శాఖలో ఉన్న ఒకే ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ ఖాళీని భర్తీ చేయబోతున్నారు. రెండేళ్లు ప్రొబేషన్, ఆపైన రిటైరయ్యేదాకా ఎవరూ కదిలించలేరు.

"ప్రతిభ ఒక్కటే కొలబద్ద. సిఫారసు తెచ్చినవారిని గేటు దగ్గరే ఆపేస్తాం" అన్నారాయన. విలేకరులు ఇంకేమీ అడగలేదు. బజ్జీలు వేడిగా ఉన్నాయి.

ఆళ్లగడ్డలో ఆ వార్తను డాక్టర్ ముబశ్శిరా మూడుసార్లు చదివింది. ఆమె పద్నాలుగేళ్లుగా నంద్యాల బస్సెక్కి వెళ్లి కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ. ప్రతి ఏప్రిల్‌లో తీసేస్తారు. జూలైలో "పోయినసారి వచ్చింది మీరే కదా?" అని అడిగి మళ్లీ పెట్టుకుంటారు. ఇంత దీర్ఘకాలం అతిథిగా ఉన్న మనిషి ఇంకెక్కడా ఉండదని, బస్టాండు దగ్గర కళ్లద్దాల షాపు నడిపే ఆమె భర్త సాజిద్ అంటుంటాడు.

"ఈసారి మెరిట్ చూస్తారంట" అందామె.

"మెరిట్ అందరికీ ఉంటాది. లెటర్ యాడుంది?" అన్నాడు సాజిద్.

సిఫారసు అడుక్కునే మనిషిని కానని ముబశ్శిరా గట్టిగా చెప్పింది. మూడు రోజులు ఆ మాట మీదే నిలబడింది. నాలుగో రోజు, కేవలం ప్రజాసమస్యలను అధ్యయనం చేసే ఉద్దేశంతో, నియోజకవర్గ నాయకుడి ఇంటికి వెళ్లింది. చేతిలోని కిలో లడ్లు కూడా ఆ అధ్యయనంలో భాగమే.

నాయకుడు ఊళ్లో లేడు. ఆయన వ్యవహారాలు చూసే శేషయ్య లడ్లు లోపలికి పంపి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఆ పోస్టు బాగా పోతాంది మేడమ్. మీది ముప్పైయేడో లెటర్."

"ఒకే పోస్టుకు ముప్పైయేడు మందికా?"

"అన్న ఎవురికీ లేదనడు. ఆయనకు అందరూ సమానమే."

రాజ్యాంగం పద్నాలుగో అధికరణాన్ని ముబశ్శిరా పద్నాలుగేళ్లుగా బోధిస్తోంది గానీ, అది అమలు కావడం కళ్లారా చూసింది ఆ రోజే. శేషయ్య అంటించి ఇచ్చిన కవరును కళ్లకద్దుకుని బ్యాగులో పెట్టుకుంది.

ఇంటర్వ్యూ రోజున, ప్రకటించినట్టే, సిఫారసు తెచ్చినవారిని గేటు దగ్గర ఆపారు. ఆపి, కవర్లు నలగకుండా పట్టుకోమని చెప్పి లోపలికి పంపారు. వరండాలో ముప్పైయేడు మంది కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ఒకే రకం కవరు.

ధైర్యం కోసం ముబశ్శిరా తన లెటర్ తీసి చదువుకుంది. "ఈ ప్రదీప్ అనే యువకుడు నాకు చిన్ననాటి నుంచి తెలుసు" అని ఉంది. శేషయ్య పేరు మార్చడం మర్చిపోయాడు. ఆమె దాన్ని కవరుతో సహా మడిచి బ్యాగు అడుక్కి తోసింది. అంతలో గుమస్తా ట్రే పట్టుకుని వచ్చాడు.

"సర్టిఫికెట్లు అడుగున, లెటర్ పైన పెట్టండి మేడమ్. లెటర్ యాడ?"

"నేను తేలేదప్పా" అంది. నలభై రెండేళ్ల వయసులో అంత నిజాయితీపరురాలు కావలసి వస్తుందని ఆమె అనుకోలేదు.

గుమస్తా ఆమెను ఎగాదిగా చూసి, గబగబా లోపలికి పోయాడు. ఐదు నిమిషాల్లో ఆమెనే ముందుగా పిలిచారు.

ఉపకులపతితో పాటు ఇద్దరు నిపుణులున్నారు. ముగ్గురూ లేచి నిలబడబోయి, సర్దుకుని కూర్చున్నారు.

"ఎవరి దగ్గర నుంచీ లెటర్ లేదామ్మా?" అడిగారు ఉపకులపతి.

"లేదు సార్."

నిపుణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు తగ్గించి, "మీకు విజయవాడలోనా, ఢిల్లీలోనా?" అన్నాడు.

సెమినార్లలో పత్రాలు ఎక్కడ చదివారని అడుగుతున్నాడనుకుంది ముబశ్శిరా. "రెండు చోట్లా ఉన్నాయి సార్. ఢిల్లీలోనే ఎక్కువ."

ఆ తర్వాత ఎవరూ ప్రశ్నలు వేయలేదు. ఏసీ పెంచమంటారా, తగ్గించమంటారా అని మాత్రం అడిగారు. జీడిపప్పుతో టీ వచ్చింది.

"టీ ఇచ్చి పంపించినారు. అయిపోయింది" అని ఆ సాయంత్రం ఆమె షాపులో కూలబడింది. సాజిద్ సోడా తెప్పించాడు.

వారానికి ఫలితం వచ్చింది. ఎంపికైంది ముబశ్శిరా.

"ఎవురు చెప్పినారంట?" అన్నాడు సాజిద్.

"ఎవురూ లేదు. మెరిట్" అంది. ఆ మాట ఎంత గంభీరంగా చెప్పిందంటే, రెండు రోజుల్లో ఆమె కూడా నమ్మింది. మూడో రోజు బంధువుల పెళ్లిలో నిజాయితీ గురించి పావుగంట మాట్లాడింది.

ఉద్యోగంలో చేరిన రోజు ఉపకులపతి ఆమెను గదికి పిలిచి, తలుపు స్వయంగా వేశారు.

"లెటర్ లేకుండా వచ్చినప్పుడే అర్థమైందమ్మా, మీవాళ్లు లెటర్ల స్థాయి దాటినవాళ్లని. నా పదవీకాలం జూన్‌తో ముగుస్తోంది. ఇంకో మూడేళ్లు పొడిగించమని ఢిల్లీలో ఒక్క మాట..."

ఢిల్లీలో తనకు తెలిసింది సెమినారు హాలు, దాని పక్క క్యాంటీను. ఆ సంగతి చెప్పడానికే ముబశ్శిరా నోరు తెరిచింది. బల్ల మీద ఆమె ప్రొబేషన్ ఫైలు ఉంది. దాని మీద ఆయన చెయ్యి ఉంది.

"బయోడేటా ఇవ్వండి సార్, చూద్దాం" అంది.

ఉపకులపతి గారు సొరుగు లాగారు. లోపల బయోడేటాలు రెండు కట్టలుగా సిద్ధంగా ఉన్నాయి.

"ఫొటో ఉన్నదా అమ్మా, లేనిదా?"