పసుపులో మక్క, ఎంపీసీలో బైపీసీ

పొద్దున ఏడు గంటల బస్సుకు నిజామాబాదు పోవడం, కూతురు అంకితను ఇంటర్లో చేర్పించడం, మధ్యాహ్నానికి తమ ఊరు మోస్రాకు తిరిగొచ్చి కాలువ నీళ్ల వంతు చూసుకోవడం. లింబయ్య వేసుకున్న పథకం ఇంతే. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, దాన్ని నడిపించే మనిషి తప్ప.

"లెక్కల గ్రూపే బాపు, యాది మరువకు. ఎవుసం ఇంజినీరు గావాల్నంటే ఎంపీసీనే సదువాలె," అంది అంకిత. పదో తరగతి లెక్కల్లో ఆమెకు వందకు తొంభై ఎనిమిది వచ్చాయి.

"డాక్టరైతది నా బిడ్డ. బైపీసీల ఎయ్యి," అంది తారాబాయి, మొగుడికి సద్ది కడుతూ.

లింబయ్య ఇద్దరికీ సరేనన్నాడు. కాదనడం ఆయన ఒంట్లోనే లేదు.

ముప్పై ఏళ్లుగా ఆయన పసుపు ఒక్కటే ఎన్నడూ వేయలేదు. సాళ్ల నడుమ మక్కజొన్న పెట్టేవాడు. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి చేతికొస్తుందని ధైర్యం. బస్సు దిగేసరికి ఆ ధైర్యమే ఆయనకు దారి చూపింది. బస్టాండు పక్క కాలేజీలో మార్కుల మెమో ఇచ్చి కూతురిని ఎంపీసీలో చేర్చాడు. రెండు వీధుల అవతల ఇంకో కాలేజీలో టీసీ ఇచ్చి బైపీసీలోనూ చేర్చాడు. రెండు రసీదులు రెండు జేబుల్లో పెట్టుకుని, ఇంటికొచ్చి తల్లీకూతుళ్లిద్దరికీ "అయిపోయింది" అని చెప్పాడు. అబద్ధమేమీ కాదు.

మర్నాడు పొద్దున రెండు ఫోన్లొచ్చాయి. టీసీ ఏదని ఎంపీసీ వాళ్లు, మెమో ఏదని బైపీసీ వాళ్లు. సాయంత్రం ఐదు దాటితే సీటు ఇంకొకరికి పోతుందని ఇద్దరూ చెప్పారు.

లింబయ్య చెమటలు కక్కుకుంటూ ముందు బైపీసీ కాలేజీకి ఉరికాడు. టీసీ వెనక్కి ఎందుకని అడిగాడు ప్రిన్సిపాల్.

"పిల్లకు కప్పలంటే బయం సారూ."

"మీరేం పండిస్తారు?"

"వరి, పసుపు."

"వరి మళ్లలో పెరిగిన పిల్లకు కప్పలంటే భయమా? పంపించండి, వారంలో పోగొడతాం."

టీసీ బీరువాలోనే ఉండిపోయింది. పోనీ మెమో అయినా తెచ్చుకుందామని ఎంపీసీ కాలేజీకి వెళ్లి, పిల్లకు లెక్కలంటే భయమన్నాడు. అక్కడి ప్రిన్సిపాల్ మెమో తీసి తొంభై ఎనిమిది మీద వేలు పెట్టాడు.

"ఈ భయం మా పిల్లలందరికీ ఉంటే బాగుండు. రసీదు చూపించండి."

కంగారులో లింబయ్య చెయ్యి రెండో జేబులోకి పోయింది. బైపీసీ రసీదు బల్లమీదికొచ్చింది. ప్రిన్సిపాల్ దానిమీది నంబరుకు ఫోన్ చేశాడు. ఎన్నడూ పడని ఆ రెండు కాలేజీలకూ మొదటిసారి మాట కలిసింది. ఇట్లాంటి తండ్రి మాకొద్దంటే మాకొద్దన్నారు. పది నిమిషాల్లో టీసీ కూడా వచ్చింది. పొద్దుట్నుంచీ ఒక్క కాగితం దొరకని లింబయ్య చేతిలో ఇప్పుడు రెండూ ఉన్నాయి, సీటే లేదు.

చేసేది లేక కూతురికి ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాడు. నాలుగున్నరకు అంకిత బస్సు దిగి, నేరుగా ఎంపీసీ ప్రిన్సిపాల్ ముందు నిలబడింది.

"బయం నాది గాదు సార్, మా బాపుది. ఒక్క పంటను నమ్మి ఎన్నడు బతకలే." తండ్రివైపు తిరిగింది. "బాపు, మక్క ముందుగాల కోతకొస్తది, పసుపు ఎన్కకొస్తది. గందుకే ఒక్క చేన్ల ఇముడుతయి. గీ రెండు క్లాసులు తొమ్మిదింటికే షురువైతయి. నేను ఏడ గూసోవాలె?"

లింబయ్యకు ఇద్దరినీ మెప్పించబోయి పిల్ల బతుకునే ఆగం చేసేవాడినని అప్పుడు తెలిసింది.

"తప్పయింది బిడ్డా. లెక్కలే తీస్కో. మీ అవ్వకు నేను చెప్త."

ప్రిన్సిపాల్ నవ్వాపుకుంటూ కాగితాలు తీసుకుని, కొత్త ఫారం లింబయ్య ముందుకు తోశాడు. పక్కనున్న గుమస్తా పెన్ను అందించి అడిగాడు.

"రెండో భాష తెలుగా, సంస్కృతమా?"

లింబయ్య నోరు తెరిచేలోపే అంకిత ఆయన చేతిలోని పెన్ను తీసేసుకుంది.