చెరి సగం దుప్పటి

ఆ ఆదివారం పొద్దున్నే కుట్టు టీచరమ్మ బీరువా తలుపులు బార్లా తెరిచి, కింది అరలోని పాత పక్కబట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది. వెలిసిపోయిన దుప్పట్లు, గరుకుబారిన తువ్వాళ్ళు, మూలలు పిగిలిన దిండు గలీబులు. ఒక్కొక్కదాన్నీ కిటికీకి అడ్డంగా పట్టి చూసింది. గుడ్డలోంచి ఎదురింటి గేటు కనిపిస్తే దానికి కాలం తీరినట్టే. ఆ పరీక్షలో ఒక్కటి కూడా బతికి బట్టకట్టలేదు.

"పారేద్దామా?" అన్నాడు మొగుడు.

"పారెయ్యడమా! ఒక్క పోగు కూడా గడప దాటదు. తువ్వాళ్ళు మసిగుడ్డలవుతాయి, గలీబులు సంచులవుతాయి, మిగతావి కాళ్ళు తుడుచుకునే పట్టాలు. సాయంత్రానికల్లా అయిపోవాలి. రండి, చొక్కా చేతులు పైకి మడవండి!"

ఆవిడ కళ్ళల్లో వెలుగు చూసి మొగుడికి కూడా హుషారు పుట్టింది. అతను పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా. వీధిలో అందరికీ పోస్టాయన. మనిషి మంచివాడే గాని పొదుపుగా మాట్లాడతాడు. పది మాటల్లో చెప్పాల్సింది నాలుగింటితో సరిపెట్టి, మిగతా ఆరూ ఎదుటివాళ్ళే ఊహించుకోవాలంటాడు. ఆ రోజు జరిగిన గందరగోళానికంతా మూలం ఆ మిగిలిన ఆరు మాటలే.

"ముందు ఇది," అంటూ ఆవిడ పెద్ద డబుల్ దుప్పటి పరిచింది. పెళ్ళైన ఏడాది కొన్నది. "చూశారా, మధ్యలో సాలెగూడులా అయింది. అంచులు మాత్రం ఉక్కు ముక్కలు. మధ్యది తీసేస్తే మీకో సింగిల్ దుప్పటి, నాకో సింగిల్ దుప్పటి. ఇక రాత్రుళ్ళు లాగులాట ఉండదు."

కత్తెరతో అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, గాటుకి అటూ ఇటూ పట్టుకోమంది. "పోగు వెంట తిన్నగా వస్తుంది. లాగండి!"

పోస్టాయన లాగాడు. చర్రుమని గది ఈ చివర నుంచి ఆ చివర దాకా దుప్పటి చీలిపోయింది. అతను అలాగే నిలబడిపోయాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో అతను చేసినదంతా చిరిగిన కవర్లు అతికించడం, ఊడిన మూటలు బిగించడం. ఏదైనా ఒకటి కసిదీరా చింపే అవకాశం ఆ మనిషికి ఎవరూ ఇవ్వలేదు.

"ఇంకోటివ్వు," అన్నాడు.

ఆవిడ మిషన్ ముందు కూర్చుంది. అతను చింపడం, ఆవిడ కుట్టడం. "లాగండి! గట్టిగా! చింపెయ్యండి!" అని ఆవిడ అరుస్తోంటే, అతను చర్రు చర్రున చింపుతున్నాడు. గదంతా నూగు లేచింది. అతనికి వరసగా తుమ్ములు, ముక్కులోంచి నీళ్ళు. కళ్ళు ఎర్రబారి ధారలు కట్టాయి. అయినా చెయ్యి ఆగలేదు.

అప్పుడే ఎవరో తలుపు కొట్టారు. కింది వాటాలో ఉండే పెద్దావిడ. ఎవరికీ చుట్టం కాదు గాని, అందరికీ పిన్నిగారే.

"ఏంటి బాబూ ఆ చప్పుళ్ళు? మీ ఆవిడ అలా కేకలేస్తోందేంటి?"

పోస్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. "విడగొట్టేస్తున్నామండి."

"ఏవిఁటీ!"

"ఇరవై నాలుగేళ్ళయింది కదండీ. మధ్యలో ఇంకేం మిగల్లేదు. ఒకటిగా ఉంచి లాభం లేదని ఆవిడే తేల్చేసింది. చెరి సగం."

పిన్నిగారు గోడ పట్టుకున్నారు. "మరి నువ్వేమన్నావు?"

"మొదట భయమేసిందండి. ఒకసారి తెగాక ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్ళూ తెలీక ఊరుకున్నాం."

"అమ్మాయికి చెప్పారా?"

"చెప్పేదేముందండీ. దాని వాటా దానికి హాస్టల్‌కి పంపుతాం."

పిన్నిగారు మరో మాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఒక చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. పోస్టాయన దాన్ని జాగ్రత్తగా గోడకి జరిపి, మళ్ళీ పనిలో పడ్డాడు.

కాసేపటికి మిషన్ మీద దారం తెగింది. చూస్తే దారం రీలు కూడా ఖాళీ. టీచరమ్మ అప్పుడే గలీబుతో కుట్టిన కొత్త సంచీని భుజానికి తగిలించుకుంది. "ఆదివారం కదా, ఇక్కడి కొట్లు తీసుండవు. బజారు దాకా వెళ్ళి దారం తెస్తాను. ఈలోగా మిగతావి చింపుతూ ఉండండి," అని చరచరా మెట్లు దిగింది. కింది కిటికీలోంచి పిన్నిగారు సంచీని చూశారు, నడక చూశారు, వెంటనే ఫోను అందుకున్నారు.

తర్వాత తెలిసిన సంగతులను బట్టి, పిన్నిగారు ఫోనులో చెప్పింది "విడిపోయేలా ఉన్నారు" అని. పోస్టాయన అక్క చెవిన పడేసరికి అది "విడిపోయారు" అయింది. అక్క నుంచి టీచరమ్మ తమ్ముడికి చేరేసరికి "ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోయింది, ఆయన ఒంటరిగా కూర్చుని బట్టలు చింపుకుంటున్నాడు" అయింది. ఆ చివరి ముక్కలో మాత్రం అబద్ధమేమీ లేదు.

ఆ కబురే హాస్టల్ దాకా పాకి, ముందు కూతురి ఫోను వచ్చింది. "నాన్నా, నిజమేనా? విడగొట్టేసుకున్నారా?"

"పొద్దున్నే అయిపోయిందమ్మా. అంచులు కుట్టుకోవడమే మిగిలింది."

అవతల ఏడుపు. "మరి నేనెవరి వైపు నాన్నా?"

"నువ్వా? నీకు మధ్యది ఉంచాం. బాగా పల్చబడిపోయింది, జాగ్రత్తగా వాడుకో."

ఏడుపు రెట్టింపై ఫోను కట్టయింది. పాత దుప్పటి మీద పిల్లకి ఇంత ప్రేముందని తెలీనందుకు పోస్టాయన కాసేపు బాధపడ్డాడు. బాధలో ఇంకో తువ్వాలు చింపాడు. కింది అర సరుకు అయిపోయింది. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. పై అర తెరిచాడు. వెనకెక్కడో, కాగితంలో చుట్టిన తెల్ల దుప్పటి దొరికింది. మడతల వెంట పసుపుపచ్చగా మారింది. ఇంతకంటే పాతది ఇంకేముంటుందనుకుని విప్పీ విప్పకుండానే గాటు పెట్టి, చర్రుమనిపించాడు. పాతదైనా గుడ్డ గట్టిదే, చింపుతుంటే మంచి పట్టుంది. ఉత్సాహంగా ఆరు పేలికలు చేశాడు.

ఆరోది ముగిసేసరికి అక్క లోపలికొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆవిడ వెనకాల ప్లీడరు బావమరిది, చంకలో ఫైలు. వాళ్ళ వెనక ఒంటి చెప్పుతో పిన్నిగారు.

ముగ్గురూ గది చూశారు. నేలంతా పేలికలు. మధ్యలో ఎర్రటి కళ్ళతో పోస్టాయన.

"మా అక్క ఏది బావా?" అన్నాడు ప్లీడరు.

"వెళ్ళింది. దారం తెగిపోయింది కదా, ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంది?"

అక్క కుర్చీలో కూలబడింది. "అంత తేలిగ్గా తెగుతుందిరా తమ్ముడూ? కాస్త ఓపిక పట్టకూడదూ?"

"పాతదక్కా. గట్టిగా తొక్కితే ఆగదు."

"తొక్కావా!" అని పిన్నిగారు కేక పెట్టారు.

"నేను కాదండి, ఆవిడే. నాకు తొక్కడం రాదు."

ప్లీడరు ఇక లాభం లేదనుకుని ఫైలు తెరిచాడు. "సరే బావా, ఏది ఎవరికని మాట్లాడుకున్నారో చెప్పు. తర్వాత గొడవలుండకూడదు."

పోస్టాయనకి మనసు పొంగిపోయింది. చింపిన గుడ్డల కోసం చుట్టాలంతా ఇంత దూరం రావడం, పైగా రాసుకోవడం! ఇంత గొప్ప పని చేస్తున్నామని పొద్దున అతనికి తట్టనే లేదు. "తువ్వాళ్ళు వంటింటికి. గలీబులు మీ అక్కవి. దుప్పటి చెరి సగం. అక్కా, నీక్కూడా ఏది నచ్చితే అది తీసుకో, మొహమాటపడకు!"

"తల్లిలా పెంచాను, నాకు పేలిక ముష్టి వేస్తున్నాడు," అని అక్క బావురుమని, చేతికందిన తెల్ల గుడ్డతో కళ్ళు ఒత్తుకుంది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ సంచీ ఊపుకుంటూ వచ్చింది. "అరె, వదినా! తమ్ముడూ! అందరూ వచ్చారే! ఏమండీ, దారం దొరికింది. మూడు కొట్లు తిరిగాను."

ప్లీడరు తన అక్క వంక, బావ వంక, నేల మీది దుప్పటి ముక్కల వంక చూశాడు. మెల్లగా మెదడులో ముడి వీడింది.

"విడగొట్టింది... దుప్పటినా?"

"మరి దేన్ననుకున్నావు?" అన్నాడు పోస్టాయన.

పోస్టాయన అక్కకి ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వు తన్నుకొచ్చింది. ప్లీడరు ఫైలుతో మొహం కప్పుకుని కుదుపులు కుదుపులుగా నవ్వాడు. టీచరమ్మకి సంగతి అర్థమై, మిషన్ మీద వాలిపోయి నవ్వింది. ముందుగా కూతురికి ఫోను చేసి ఊరుకోబెట్టారు. పిన్నిగారు మాత్రం, "అతను సరిగ్గా ఆ మాటలే అన్నాడు, ఒట్టు," అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకున్నారు.

"ఏడిపించి చంపావు కదరా," అంటూ అక్క ఆ తెల్ల గుడ్డతోనే మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. గుడ్డ మూల నుంచి ఒక నీలం పువ్వు బయటికి వేలాడింది. చేత్తో కుట్టిన పువ్వు.

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. "అది... ఎక్కడిది?"

"పై అరలో," అన్నాడు పోస్టాయన సంతోషంగా. "బాగా పాతది. ఆరు ముక్కలొచ్చాయి."

ఆవిడ ఒక్కో ముక్కా ఏరి ఒళ్ళో పెట్టుకుంది. "పెళ్ళికి ముందు మా అమ్మ పక్కన కూర్చుని రెండేళ్ళు కుట్టాను. ఒక్కసారి కూడా పరవలేదు. ఒక్కసారి కూడా!" గొంతు గట్టిగా లేచింది. "తమ్ముడూ, ఆ ఫైలు ముయ్యకు. రాయి! ఇప్పుడు రాయి!"

పిన్నిగారి ముఖం ఒక్క క్షణం వెలిగింది. పోస్టాయన ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. క్షమించమనాలనుకున్నాడు గాని, ఉన్న నాలుగు మాటలు కూడా గొంతు దాటలేదు. ఆ ముక్కలు తీసుకుని ఒకదాని పక్కన ఒకటి చేర్చి చూశాడు. చిరిగిన కవరు అతికించినట్టు అవి అతుక్కోవు.

అక్కే నోరు విప్పింది. "ఏ రోజు కోసం దాచావమ్మాయ్?"

"ఏదైనా మంచి రోజు వస్తే పరుద్దామని."

పోస్టాయన తలెత్తాడు. "ఇరవై నాలుగేళ్ళలో ఒక్కటి కూడా రాలేదా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. గొంతులో దెబ్బ తగిలిన బాధ తెలుస్తోంది. కూతురు పుట్టిన రోజు, ఈ ఇంట్లో చేరిన రోజు, కుట్టు సెంటర్లో ఉద్యోగం వచ్చిన రోజు టీచరమ్మ కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కో రోజూ బీరువా దాకా వెళ్ళి, దుప్పటి తాకి చూసి, ఇంతకంటే మంచి రోజు వస్తుందిలే అని తలుపు వేసేసింది.

"వచ్చాయి," అంది. "నేనే పరవలేదు."

ఆవిడ లేచి, డబుల్ దుప్పటి రెండు సగాలూ నేల మీద పరిచింది. మధ్యలో ఖాళీ. పువ్వులున్న తెల్ల ముక్కలు ఒక్కొక్కటీ ఆ ఖాళీలో పేర్చింది. అంతా నిండింది, ఇంకా ఒక ముక్క మిగిలితే సగాలు కాస్త ఎడంగా జరిపి దాన్నీ చేర్చింది.

"వదినా, అంచులు కలిపి పట్టుకో. తమ్ముడూ, నీ ఫైల్లో గుండుసూదులుంటాయిగా, ఇటివ్వు. పిన్నిగారూ, సూదిలో దారం ఎక్కించండి. ఏమండీ, మీరు మాత్రం దేన్నీ ముట్టుకోకండి."

చీకటి పడకముందే పని పూర్తయింది. దుప్పటి మునుపటి కంటే మూడు జానలు వెడల్పైంది. నట్టనడుమ తెల్లటి బాట మీద నీలం పువ్వులు. నలుగురూ నాలుగు మూలలు పట్టి మంచం మీద పరిచారు. పోస్టాయన చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి చూశాడు. టీచరమ్మ అతని మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. అతను పువ్వులు నలుగుతాయేమోనని సగం కూర్చుని సగం లేచాడు.

మర్నాడు పొద్దున పోస్టాయన ఆఫీసుకి బయల్దేరుతుంటే పిన్నిగారు మెట్లెక్కి వచ్చారు. రెండు చేతుల నిండా పాత దుప్పట్లు. వెనకాల ఆవిడ భర్త. నలభై ఏళ్ళుగా ఆవిడ పక్కన నోరు మెదపని బాబాయిగారు.

"బాబూ, మమ్మల్ని కూడా విడగొట్టేసి పెట్టు," అన్నారు పిన్నిగారు.

బాబాయిగారు భార్య కంటే ముందు గుమ్మం దాటి లోపలికొచ్చి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు.