కాఫీపొడి సీసా మహాసంగ్రామము

మూత లేని డబ్బాకు మర్యాద లేదు గనుక ముందుగా మూతకును, పిదప అడుగున మిగిలిన ఆఖరి చెంచాకును మ్రొక్కి ఈ కథ మొదలుపెట్టుచున్నాను. ఇది రాజ్యములు కూలిన కథ కాదు, ఒక సీసా ఖాళీ అయిన కథ. ఐనను నవ్వరాదు. మీ ఇంట సూదులు ఏ డబ్బాలో ఉన్నవో నన్ను చెప్పమందురా?

ప్రచండమార్తాండకిరణసహస్రము వంటింటి కిటికీ రెండవ ఊచను దాటి మూడవ ఊచను ముట్టడించుచుండ, చెడిన కుళాయి బొట్టుబొట్టుగా రణభేరి మ్రోగించుచుండ, కుక్కరు మూడవ కూతకై ఊపిరి బిగబట్టియుండ, ఒకానొక మంగళవారమున, మేడమీది మూడుగదుల వాటాలో, అలమర రెండవ అరలో, నాలుగు వేళ్ల ఎత్తున కాఫీపొడి మిగిలిన గాజుసీసా ఒకటి వెలుగొందుచుండెను. వెడల్పాటి మూతి, బిర్రుగా బిగియు ఎర్రమూత, అవతలి గోడ కనబడునంతటి గాజు. అట్టి సీసా ఖాళీ కావచ్చినదన్న సంగతి ఆ ఇంట దాగునా? దాగలేదు.

ఏలయన ఆ ఇంట డబ్బాల తీరే వేరు. బిస్కెట్ల డబ్బాలో దారపుండలుండును. చెప్పుల పెట్టెలో గుడ్డపీలికలుండును. మందుబిళ్లల సీసాలో టిచ్ బటన్లు, ఐస్‌క్రీమ్ డబ్బాలో జిప్పులు, టీపొడి డబ్బాలో పాత వాచీల పట్టీలు. ఒకనాడు ఆ ఇంటి కొడుకు తొందరలో పౌడరు డబ్బా తీసి మెడమీద దులుపుకొనగా, గుడ్డపై గీతలు గీయు నీలిసుద్ద పొడి రాలి, పాపము, సాయంకాలము దాక నీలకంఠుడై ఆఫీసులో తిరిగెను. ఈ సామ్రాజ్యమునకు ఏలిక, రిక్తభాండసంరక్షణధురంధర యగు అత్తగారు. ఆమె శాసనమొక్కటే.

"ఏ డబ్బా అయినా ఎవరు ఖాళీ చేస్తే వాళ్లది. నా దగ్గరికి పంచాయితీకి రావద్దు."

ఇక వీరులను చూడుడు. ముందుగదిలో కిటికీకి కుడివైపున కుట్టుమిషనుపై అధిరోహించినది సూచీసమరవిజయిని యగు కోడలు. బడిపిల్లల చొక్కాలు నలుబది ఆమె మెడమీద ఉన్నవి. ఆమె గుండీలు మిషను పక్కనే మూత తెరచియుండు పాలపొడి డబ్బాలో ఉండును. దాని లోపల చీకటి. తెల్లగుండీ ఏదో, మీగడరంగు గుండీ ఏదో కానరాక, పోయిన విడత పదకొండు చొక్కాలు తిరిగివచ్చెను. "ఈసారి కూడా గుండీలు కలిస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా" అని బడి పెద్దపంతులమ్మ మెత్తగానే చెప్పెను. మెత్తని మాటయే లోతుగా దిగును. ఆ నాటినుండి ఆమెకు గాజుసీసాయే కావలెను.

కిటికీకి ఎడమవైపున, ఒంటికంట భూతద్దము బిగించి కూర్చున్నవాడు కాలచక్రచికిత్సాచక్రవర్తి, వాచీలు బాగుచేయు మామగారు. నువ్వుగింజంతటి స్క్రూలను బోర్లించిన మూతలలో దాచుకొని, ఫ్యాను వేసినప్పుడెల్ల గుండె పట్టుకొనువాడు. ఆ స్క్రూలకు మూత బిగియు సీసా కావలెనని ఆయన చిరకాలపు కోరిక. ఆ వారము ఆయన బల్లపై పొట్ట విప్పుకొని పడియున్నది అత్తగారి చేతిగడియారమే. శుక్రవారమునకు ఇచ్చెదనని మాట యిచ్చి, ఇప్పటికి మూడు శుక్రవారములు గడచెను.

"ఓ కాచకలశమా, నా గుండీల గూడగుటకే నీవు పుట్టితివి. అడ్డువచ్చినది మామగారే యైనను నా చెంచా వెనుదిరుగదు" అని కోడలు అంతరంగమున గర్జించెను. పైకి మాత్రము "కాఫీ కలుపుకుంటున్నా మామయ్యగారూ, మీకూ కావాలా?" అనెను.

"ముప్పదియేండ్లు సెకను ముల్లును శాసించిన ఈ చేతికి ఒక సీసా లొంగదా? నా చెంచాను మించిన చెంచా ఇంకను పోతపోయబడలేదు" అని ఆ వృద్ధవీరుడు లోలోన హుంకరించెను. పైకి "కలుపమ్మా. నాకు రెండు చెంచాలెయ్యి, నోరంతా చప్పగా ఉంది" అనెను.

అంతట పోరు మొదలాయెను. మంగళవారము ఆరు కాఫీలు, బుధవారము తొమ్మిది. నాలుగు వేళ్లు మూడాయెను, మూడు ఒకటిన్నర ఆయెను. నీళ్లకని లేచినవారు సీసాను చూసివచ్చిరి, సీసాను చూడవచ్చినవారు కాఫీ తాగి వెళ్లిరి. అత్తగారు ఇరువురిని ఎగాదిగా చూచి "ఏమిటో, కాఫీ ఇవాళే కనిపెట్టినట్టు తాగుతున్నారు" అని ఊరకుండెను.

అయ్యో, కాఫీ ఎవరి పక్షమున ఉండును? గురువారము పొద్దున కోడలు సూదిలో దారమెక్కింపబోగా చేయి వణికెను. పదమూడుమార్లు గురిపెట్టి పదమూడుమార్లు తప్పెను. ఇవతల మామగారు అత్తగారి వాచీ ఆఖరి స్క్రూను చిమటాతో, అనగా సన్నని పట్టుకారుతో, ఎత్తెనో లేదో, చిమటా గజగజలాడి, ఆ సూక్ష్మలోహఖండము గగనమార్గమున ఎగసి, కుట్టుమిషను దిక్కున అంతర్ధానమాయెను. దానికి జోడు బజారులో దొరకదు. ఆయన మోకాళ్లపై కూలబడి నేలంతయు తడుమసాగెను.

"ఏం వెతుకుతున్నారు మామయ్యగారూ?"

"ఏం లేదమ్మా. నడుం సాగదీస్తున్నా."

సీసా కోసము పోయి ఉన్న పని చెడగొట్టుకొన్న ఈ తెలివిని ఏమందును? ఎలుకల మీద కోపముతో ఇల్లు తగలబెట్టుకొన్నారని మా పెద్దలు ఊరకే అనలేదు.

మరి ఎనిమిది కాఫీలు గడచి, ఆ మధ్యాహ్నము సీసాలో ఒక్క చెంచా పొడి మిగిలెను. ఒకే క్షణమున ఇరువురును గ్లాసులు ధరించి వంటింట ప్రవేశించిరి. వణకుచున్న నాలుగు చేతులు సీసాను చుట్టుకొనెను, లోపలి చెంచా గణగణ మ్రోగెను.

"మీరు పెద్దవారు, వదిలెయ్యండి మామయ్యగారూ."

"నువ్వు చిన్నదానివి, నువ్వే వదిలెయ్యమ్మా."

అప్పుడు అత్తగారు వచ్చెను. ఒక చేత కత్తెర, ఒక చేత బొద్దైన పొట్లము. ఇరువురి నడుమనుండి సీసాను లాగి, పొట్లము చెవి కత్తిరించి, జరజర జరజర మెడదాక పోసెను.

"ఇద్దరూ తెగ తాగుతున్నారుగా. పెద్ద ప్యాకెట్టే తెచ్చాను."

మూడు దినముల పోరు మూడు క్షణములలో మట్టిగలిసెను. వీరులిరువురు వంటింటి నేలపై చతికిలబడిరి. కోడలి కన్నుల నీళ్లు తిరిగెను.

"నాకు కాఫీ వద్దత్తయ్యగారూ. సీసా కావాలి. గుండీలు మళ్లీ కలిస్తే నా పని పోతుంది."

"నాకూ సీసాయే" అని మామగారు గొణిగెను.

అత్తగారు ఇద్దరి చేతుల వణకును, ఇద్దరి ముఖములను చూచెను. "సీసా కోసం ఇన్ని కాఫీలు తాగారా? కాఫీపొడి ఈ సీసాలోనే ఉండాలని ఎవరన్నారు? అసలు ఈ ఇంట్లో ఏది దేనిలో ఉంది గనక? నోరు తెరిచి అడిగితే సరిపోయేదిగా."

అని, టీపొడి డబ్బాలోని వాచీపట్టీలను బల్లపై దులిపి, డబ్బా తుడిచి, కాఫీపొడినంతటిని అందులోనికి ఒంపెను. సీసా కడిగి, తుడిచి, ఎండలో నిలిపెను.

"ఖాళీ చేసింది నేను. కాబట్టి సీసా నాది. నాది గనక చెప్తున్నా, ముందు పిల్లల చొక్కాలు. పట్టుకెళ్లు అమ్మాయ్."

కోడలు పాలపొడి డబ్బాను సీసాలోనికి బోర్లించెను. కిటికీ వెలుగులో తెల్లనివి తెల్లగా, మీగడరంగువి మీగడగా ఏర్పడి కనబడెను. వాని నడుమ ఒక చిన్న మెరుపు. ఆమె సీసాను తిప్పి, వంచి, రెండు వ్రేళ్లతో దానిని పైకి తీసెను. పొద్దుటినుండి మామగారి నడుము ఏల అంతగా సాగవలసివచ్చినదో అప్పుడామెకు బోధపడెను.

"మామయ్యగారూ, ఇది మీ నడుంలోంచి పడిందేమో చూడండి" అని మెల్లగా అనెను.

ఆయన స్క్రూను అరచేత పెట్టుకొని భూతద్దము కింద తిప్పితిప్పి చూచెను. "ఆ చీకటి డబ్బాలో ఉండుంటే జన్మలో దొరికేది కాదమ్మా. సీసా నీ దగ్గరే ఉండాలి" అనెను.

శుక్రవారమునకు చేతులు కుదుటపడెను. నలుబది చొక్కాలు బడికి పోయెను, ఒక్కటియు తిరిగిరాలేదు. అత్తగారు వాచీని చేత కట్టుకొని, చెవికి ఆనించి, "స్క్రూ దొరికిందన్నమాట" అనెను. మామగారు భూతద్దము వెనుక దాగెను.

"సరిగ్గా నాలుగైంది. కాఫీ పెట్టనా?"

"మంచినీళ్లు చాలు" అని ఇరువురు వీరులు ఒక్క గొంతుతో పలికిరి.

ఇట్లు ఇరువది మూడు కాఫీల అనంతరము, ఒక్క నువ్వుగింజంత స్క్రూ తన తావునకు చేరి జయమాయెను. నవ్వరాదని ముందే చెప్పితిని.