నారిస్ నిలబెట్టిన క్యూ

నారిస్ టాటర్సాల్‌కి లోకంలో చాలామందితో పడదు గానీ, ఒళ్ళు మండేది మాత్రం ఒక్కడిని చూస్తేనే. వాడు డెస్మండ్ హార్‌గ్రేవ్స్. పదకొండేళ్ళుగా ఆగస్టు మొదటి వారంలో ఇద్దరూ భార్యలతో సముద్రపు ఒడ్డు ఊరు థార్న్‌సీ వచ్చి మిసెస్ ఆక్రాయిడ్ లాడ్జింగులోనే దిగుతారు. పదకొండేళ్ళుగా సముద్రం కనబడే గది డెస్మండ్‌ది, పక్కింటి పొగగొట్టం కనబడే గది నారిస్‌ది. నారిస్ ఎంత పొద్దున్నే ఇసకలోకి దిగినా, మంచి చోట అప్పటికే డెస్మండ్ గాలికి అడ్డంగా పాతిన గుడ్డతెర రెపరెపలాడుతూ ఉంటుంది. పైగా వాడు నవ్వుతూ పలకరిస్తాడు.

ఈ గురువారం మాత్రం లెక్క సరిచేద్దామని నారిస్ నిశ్చయించుకున్నాడు. తీరం వెంట వరసగా ఉన్న రంగురంగుల చెక్కగదుల్లో ముప్ఫై ఒకటోది ఖాళీ అయింది. అవి ఊరికే ఖాళీ కావు. ఎవరైనా పోవాలి, లేకపోతే స్పెయిన్‌కి మకాం మార్చాలి. ఈసారి ఎవరో స్పెయిన్ వెళ్ళారు. పొద్దున తొమ్మిదిన్నరకి ఉత్తరపు కొసన ఉన్న తీరం ఆఫీసు దగ్గర క్యూలో మొదట ఎవరుంటే వాళ్ళకే ఇస్తామని కౌన్సిల్ నోటీసు అంటించింది.

ఆ గది నారిస్‌కి సరదా కాదు. మిసెస్ ఆక్రాయిడ్ టిఫిను కాగానే దిగినవాళ్ళని బయటికి పంపి తలుపేస్తే మళ్ళీ సాయంత్రం అయిదుకే తీస్తుంది. వానొస్తే సముద్రం ఒడ్డున రేకు పందిరి కిందే కూచోవాలి. పోయినేడు అక్కడ ఆరు రోజులు తడిశాక అతని భార్య బెరిల్ తేల్చి చెప్పింది. "వచ్చే ఏడూ ఈ రేకు కిందే అయితే నేను లీడ్స్‌లో మా అక్క దగ్గరికి పోతా. నువ్వొక్కడివే వచ్చి తడువు." బెరిల్ అన్నదంటే చేస్తుంది.

అందుకే నారిస్ ఏడింటికే మెట్లు దిగాడు.

"టిఫిను తినకపోయినా డబ్బు తగ్గించేది లేదు," అంది వంటగదిలోంచి మిసెస్ ఆక్రాయిడ్.

"తగ్గించమన్నానా?"

"అడక్కముందే చెబుతున్నా."

సగం దూరం వెళ్ళేసరికి బూటులో గులకరాయి గుచ్చుకుంది. జనాన్ని కొండ మీదికి ఎక్కించే లిఫ్టు కింద కౌన్సిల్ వాళ్ళ పాత టిక్కెట్ కొట్టు మూసి ఉంది. దాని షట్టరుకి చెయ్యి ఆనించి, బూటు విప్పి, రాయి దులిపి, మళ్ళీ కట్టుకుని తలెత్తాడు. వెనకాల సరిగ్గా గజం దూరంలో, చంకలో పేపరుతో డెస్మండ్ నిలబడి ఉన్నాడు.

"ఏం నారిస్, ఈ క్యూ దేనికి?"

ఇప్పుడు కదిలితే వీడు వెంట పడతాడు. కాళ్ళు పొడుగు, ఆఫీసుకి ముందే చేరతాడు. ఇక్కడే ఉంటే వీడూ ఇక్కడే ఉంటాడు. నారిస్ ఇంత గబగబా ఆలోచించి చాలా ఏళ్ళయింది.

"తెలిసినవాళ్ళకి తెలుసు," అన్నాడు.

"ఓహో," అని డెస్మండ్ కుదురుగా నిలబడ్డాడు. క్యూలో రెండో చోటు దొరికాక కారణం తెలియదని వదులుకునే మనిషి ఈ తీరాన ఇంకా పుట్టలేదు.

కుక్కని తిప్పుతున్న ఒక ముసలావిడ మూడోదిగా చేరింది. "పీతలకా, బాబూ?"

"అయ్యుండొచ్చు."

ఎనిమిదింటికి పన్నెండు మంది. ఎనిమిదిన్నరకి ముప్ఫై. వెనకనుంచి ముందుకి కబుర్లు రావడం మొదలైంది. సగం ధరకి పొగబెట్టిన చేపలని కొందరు, శనివారం బ్యాండు మేళానికి టిక్కెట్లని కొందరు. "మీరెప్పట్నించి ఉన్నారండీ?" అని ఎవరో అడిగారు. "ఏడింటి నించి," అని నారిస్ అంటే వెనక గౌరవంగా గుసగుసలు. ఒకాయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. నారిస్ పద్నాలుగేళ్ళకి బడి మానేసి గోడలకి గార పూస్తూ బతికిన మనిషి, జన్మలో దేనికీ మొదటివాడు కాలేదు. కాళ్ళు ఆఫీసు వైపు లాగుతున్నా, మనసు ఇంకో అయిదు నిమిషాలంది. అలా చాలా అయిదు నిమిషాలయ్యాయి.

తొమ్మిది దాటాక ఇక ఆగలేకపోయాడు.

"డెస్మండ్, అర్జంటుగా పోవాలి. కాస్త చోటు చూడు."

"చోటు చూడటమంటూ ఉండదు నారిస్. పోయినవాడు చివరికే. పోయినేడు చేపల కొట్టు దగ్గర మా ఆవిడ కళ్ళు తిరిగి పడితే నువ్వే అన్నావు."

"అన్నాను," అని నారిస్ నిట్టూర్చాడు. పొట్ట పట్టుకుని మలుపు దాకా కుంటుతూ నడిచాడు. మలుపు తిరిగాక పరుగెత్తాడు. మధ్యాహ్నం దాకా పీతల కోసం నిలబడరా అని లోలోపల నవ్వుకుంటూ, బ్యాండు వాయించే మండపం దాటి, ఊపిరి అందక, ఆఫీసు ముందు ఆగాడు.

తలుపు మూసి ఉంది. దాని మీద కాగితం. "కొండ లిఫ్టు కింది టిక్కెట్ కొట్టు వద్ద అరవై మంది దాకా వేచి ఉన్నందున, గది కేటాయింపు అక్కడనే జరుగును. హెచ్. లంబ్, గుమస్తా." సైకిల్ మీద పనికొస్తూ లంబ్ ఆ క్యూ చివరి మనిషిని అడిగాడట, చెక్కగది కోసమేనా అని. అయ్యుండొచ్చు అన్నాడట అతను.

నారిస్ తిరిగొచ్చేసరికి షట్టరు లేచి ఉంది. డెస్మండ్ వంగి సంతకం పెడుతున్నాడు.

"అది నా చోటు," అన్నాడు నారిస్.

ఎవరో దగ్గారు. కుక్క ముసలావిడ మెల్లగా, "చివర అటు ఉంది, బాబూ," అంది.

"ఈ క్యూ మొదలుపెట్టిందే నేను."

"మరి వదలకుండా ఉండాల్సింది," అన్నాడు టీ పోసినాయన, సముద్రం వైపు చూస్తూ.

లంబ్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "అయ్యా, మర్యాదస్తులున్న చోటిది."

 నారిస్‌ని కాళ్ళు వాటంతటవే చివరికి తీసుకుపోయాయి. అరవై నాలుగో చోటు. గది ఇవ్వడం అయిపోయినా ఒక్కరూ కదల్లేదు. కిటికీ తెరిచే ఉంది కదా, ఇంకేమిస్తారో.

వాన మొదలైంది. బెరిల్ ప్లాస్టిక్ టోపీ కట్టుకుని వచ్చింది. "దొరికిందా?"

నారిస్ జవాబు చెప్పేలోగా తాళంచెవితో డెస్మండ్ వచ్చాడు. "రా బెరిల్, మా ఆవిడ టీ పెడుతోంది. ముగ్గురం సరిపోతాం."

బెరిల్ మొగుడి వైపు చూసింది. "మరి నువ్వు?"

"నాకిక్కడ చోటుంది," అన్నాడు నారిస్. ముందు అరవై రెండు మంది ఉన్నారు. వెనక అప్పుడే ఇద్దరు చేరారు.

ఆవిడ వెళ్ళింది. ముప్ఫై ఒకటో నంబరు తలుపు తెరుచుకుని, ఆవిడ లోపలికి అడుగుపెట్టాక మూసుకుంది. గోడల పని చేసినవాడు కాబట్టి నారిస్ అంత దూరం నుంచే కంటితో కొలిచాడు. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఆరు, మొత్తం నలభై ఎనిమిది చదరపు అడుగులు, గుమ్మం ముందు మెట్టు కాకుండా.