తొమ్మిది ముక్కలు, రెండు సంతకాలు

మంగళవారం పదింటికల్లా రెండు సంతకాలు పెట్టించుకుని, పదకొండులోపు డీన్‌కి కాగితం ఇచ్చేయాలి. గ్రెటా పావెల్కా వేసుకున్న పథకం అంతే. కళ, పురావస్తు శాస్త్రం కలిపి ఒకే డిగ్రీ చేస్తానని ఆమె మూడేళ్ళుగా మంకుపట్టు పట్టింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని రెండు శాఖలూ నెత్తీనోరూ కొట్టుకుంటున్నాయి. ఇవాళ్టితో గడువు ఆఖరు. రెండు శాఖల సంతకాలతో కాగితం అందకపోతే డిగ్రీ లేదు.

పరీక్ష కోసం ఆమె పాత గ్రీకు పద్ధతిలో ఒక కూజా చేసింది. దాన్ని ఎత్తుకుని కళాభవనం మెట్లు దిగుతుంటే మంచుకు తడిసిన బూట్లు జారాయి. గ్రెటా పడలేదు, కూజా పడింది. తొమ్మిది ముక్కలు.

ఏడవడానికి తీరికెక్కడిది? ముక్కలు ఏరుకుని పక్కనున్న పురావస్తు ప్రయోగశాలలో ఖాళీ ట్రేలో పెట్టి, జిగురు కోసం పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ టటిల్ అన్నిటినీ కడిగి, ఒక్కోదాని మీదా సన్న కలంతో నంబరు వేసేశాడు. ఆ ట్రేలో పడిందేదైనా ఆయన దృష్టిలో తవ్వకంలో దొరికిందే. నంబరు పడ్డాక గడప దాటదు.

"అది నా కూజా సార్. పొద్దున్నే పగిలింది."

"అయ్యుండొచ్చమ్మా. కొత్తదేనని కళాశాఖ వాళ్ళు రాసివ్వాలి."

కళాశాఖ ప్రొఫెసర్ సోల్‌హైమ్ పగిలినవాటిని చూడనంది. అది టటిల్ గారి పనట. "ఇప్పటికైనా ఏదో ఒకటి ఎంచుకో. లేదంటే రెంటికీ చెడ్డ రేవడివవుతావు."

గ్రెటాకు ఒళ్ళు మండిపోయింది. "ఎంచుకోను మేడమ్. రెండూ నావే," అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వెళ్ళి, తవ్వకాల రిజిస్టరు ముందుకు లాక్కుంది.

"తవ్వకంలో దొరికిందేనంటున్నారుగా సార్. అయితే మీ పద్ధతిలోనే రాద్దాం."

దొరికిన చోటు: కళాభవనం, మూడో మెట్టు. చేసినవారు: గ్రెటా పావెల్కా. కాలం: మంగళవారం. వివరం: ఉమ్మడి డిగ్రీకి సమర్పించిన పని. కింద 'పై వివరాలు సమ్మతమే' అన్న అచ్చు వాక్యం, రెండు సంతకాలకు చోటు. ఒకటి నమోదు చేసినవారిది, రెండోది స్థలం యజమానిది, అంటే కళాభవనం బాధ్యత చూసే సోల్‌హైమ్‌ది.

ముప్పై ఏళ్ళుగా టటిల్ సంతకం లేకుండా ఏ పేజీ వదల్లేదు. ఇదీ వదల్లేదు. తన మెట్టును పురావస్తువాళ్ళు ఎక్కడ రాసేసుకుంటారోనని సోల్‌హైమ్ కలం లాక్కుని మరీ పెట్టింది.

ఆ పేజీ జిరాక్సు దరఖాస్తుకు గుచ్చి, పదకొండుకు రెండు నిమిషాల ముందు గ్రెటా డీన్ బల్లమీద పెట్టింది. ఆ రెండు శాఖలూ ఒకే కాగితం మీద సంతకం చేయడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి, ముద్ర వేశాడు.

కూజా ముక్కలు మాత్రం ఇప్పటికీ టటిల్ బీరువాలోనే ఉన్నాయి, మంగళవారం యుగానికి చెందినవిగా.