తరిగిపోయే నూనె డబ్బా

ఆ రోజు పది గంటలకు భార్గవికి ఇంటర్వ్యూ. హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ పిలిచింది. పది దాటాక వచ్చినవారిని లోపలికి రానిచ్చేది లేదని ఉత్తరంలో గీత గీసి మరీ రాశారు. అప్పటికే రెండు కంపెనీలు ఆమెను కాదన్నాయి. ఇది కూడా పోతే కంప్యూటర్లు మానేసి బ్యాంకు పరీక్షలకు చదవాలని ఇంట్లో ఒప్పందం.

"నేను బస్సులో పోతా నాన్నా."

"ఇంట్లో కొత్త కారు పెట్టుకోని బస్సేందిమా? తొమ్మిదికి బయల్దేరదాం," అన్నాడు తండ్రి నారాయణప్ప.

నారాయణప్పది అనంతపురం జిల్లా. కొండాపూర్‌లో ప్లాట్ల వ్యాపారం. నెల కిందట డీజిల్ కారు కొన్నాడు. నూనె విషయంలో మొదట బుద్ధిగానే నడుచుకున్నాడు. కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులో రాసిన రకం ఇంజిన్ ఆయిల్ కోసం నాలుగు షాపులు తిరిగి, మూడు లీటర్ల డబ్బా తెచ్చి షెడ్డులో పెట్టాడు. మిగతా పేజీలు చదవకుండా పుస్తకం మూసేయడమే ఆయన చేసిన పొరపాటు.

కిందటి వారం సర్వీసింగులో కొత్త నూనె పోశారు. మర్నాడే ఆయన ఇంజిన్‌లోంచి మట్టం తెలిపే కొలపుల్ల లాగి చూస్తే నూనె నల్లగా ఉంది.

"పాత నూనే పోసి పంపినారప్పా!"

డ్రైవరు మొగిలి నవ్వాడు. అతను జీడిమెట్లలో పదేళ్లు లారీ నడిపినవాడు. "గట్లేం కాదు సార్. డీజిల్ బండిల నూనె జల్దీ నల్లగైతది. లోపలి మసిని కడుగుతది గద. నల్లగైందంటే పని చేస్తున్నట్టే."

ఆ మాట అక్షరాలా నిజం. అందుకే నారాయణప్ప నమ్మలేదు. చిక్కటి కాఫీలో పాలు కలిపినట్టు, కాస్త కొత్త నూనె పడితే నలుపు విరుగుతుందని ఓ గ్లాసెడు పోశాడు. మొగిలికి చెప్పలేదు. చెబితే మళ్లీ వాదిస్తాడు.

మొగిలి డబ్బా చూశాడు. నూనె తగ్గింది. సారు పోశాడంటే బండి నూనె తాగుతోందన్నమాట! కొలపుల్ల తీసి చూస్తే అదీ తక్కువే చూపించింది. చూపించదా మరి? కారు నిలిపేది ఇంటి ముందు బండరాళ్ల వాలు మీద, నూనె ఓ పక్కకు ఒరిగిపోతుంది. కొత్త కారులో లోపముందని చెబితే సారు పరేషాన్ అవుతాడని, చప్పుడు చేయకుండా తనూ ఓ గ్లాసు పోశాడు.

మర్నాడు నారాయణప్ప డబ్బా ఎత్తి చూశాడు. తాను పోసినదానికంటే ఎక్కువే తరిగింది. మొగిలి అమ్ముకుంటున్నాడని తేల్చుకున్నాడు. అడిగితే అలిగి పోతాడు, మంచి డ్రైవరు మళ్లీ దొరకడు. వాడు అమ్ముకునేలోగా మనమే వాడేద్దామని రెండు గ్లాసులు పోశాడు. డబ్బా మరీ ఖాళీ అవడం చూసి, "బాగ తాగుతున్నది పాపం," అని మొగిలీ రెండు పోశాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున నారాయణప్ప భార్య పార్వతమ్మ దేవుడి దీపంలో నూనె పోసి, కూతురు బయల్దేరే కారు సంగతి గుర్తొచ్చి షెడ్డులోకి వెళ్లింది. వారం రోజులుగా ఇద్దరూ నూనె తక్కువ, నూనె తక్కువ అని గొణుక్కోవడం విని ఉంది. వాళ్లు పోసే చోటు వంటింటి కిటికీలోంచి చూసే ఉంది. డబ్బాలో మిగిలిందంతా వంచేసింది.

అందరూ ఎక్కేసరికి తొమ్మిదిన్నర అయింది. కారు కొత్తగూడ దాటేవరకు బాగానే నడిచింది. తర్వాత వెనక తెల్లటి పొగ మొదలైంది. కాసేపటికి వెనకాల రోడ్డే కనబడలేదు.

"చూసినావా, నూనె సాల్లేదు!" అన్నాడు నారాయణప్ప. "మొగిలీ, యాడన్నా షాపు దగ్గర ఆపు. ఇంకో లీటరు పోద్దాం."

"వద్దు నాన్నా! టైమ్ లేదు!"

పదికి పది నిమిషాలుందనగా కంపెనీ గేటు ముందు ఆగారు. పొగ వాళ్లకంటే ముందే లోపలికి వెళ్లింది. వాచ్‌మన్ మంటలనుకుని గంట కొట్టాడు. నాలుగు అంతస్తుల జనం మెట్లమీదుగా కిందికి పరుగెత్తారు. గేటు మూసేశారు.

"ఇప్పుడు ఎవర్నీ పంపేది లేదు," అన్నాడు వాచ్‌మన్.

గడియారం పది దాటింది. భార్గవికి ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. అప్పటికి ఇంజిన్ ఆపి పది నిమిషాలైంది. గేటు ముందు నేల చదునుగా ఉంది. తండ్రి చదవని పేజీల్లో రాసినట్టే ఆమె కొలపుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూసింది. నూనె పై గీత దాటి రెండు వేళ్ల ఎత్తున ఉంది.

"ఎవరు పోశారు?"

"నేనే రొంత పోసినా," అన్నాడు నారాయణప్ప.

"నేను సుత జర పోసిన," అన్నాడు మొగిలి.

నారాయణప్ప అతని వంక చూశాడు. "అమ్ముకోలేదా నువ్వు?"

"అమ్ముకునుడేంది సార్!"

"పొద్దున మిగిలింది నేను పోసినా," అంది పార్వతమ్మ. "మంచి పనికి పోతా ఉంది గదా అని."

వెనక నుంచి ఎవరో పగలబడి నవ్వారు. మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న నడివయసు మనిషి. "నా పేరు రామబ్రహ్మం అండి. పదింటికి ఇంటర్వ్యూ చేయాల్సింది నేనే. ఇదంతా ఎలా కనిపెట్టారు?"

"అందరినీ ఒకే ప్రశ్న అడిగానండి. పక్కవాళ్ల ముందే."

ఆయన నవ్వు ఆగిపోయింది. "మా ప్రోగ్రాములో తారీఖుల తప్పు ఒకటి నెలరోజులుగా తెగట్లేదండి. ముగ్గురు ఎవరికి వారే సరిచేస్తున్నారు. నేనింతవరకు ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టలేదు. రండి లోపలికి."

"పది దాటింది కదండీ?"

"ఇంటర్వ్యూ చేసేవాళ్లమంతా రోడ్డు మీదే ఉన్నాం. ఇక ఆలస్యం ఎవరిదంటారు?"

మధ్యాహ్నం ఆమె బయటికొచ్చి, సోమవారం నుంచి చేరమన్నారని చెప్పగానే పార్వతమ్మ అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంది. ఆలోగా మొగిలి ఎక్కువైన నూనె కిందికి తీసేశాడు. సరైన రకం నూనె కావడం, సమయానికి ఇంజిన్ ఆపడం వల్ల బండికి ఏమీ కాలేదు. తాళం తిప్పితే రెండు దగ్గులు దగ్గి, పొగ లేకుండా స్టార్టయింది. నారాయణప్పకు వారం రోజుల బరువు దిగినట్టయింది. మొగిలి భుజం మీద చెయ్యి వేసి, "తప్పుగా అనుకున్నానప్పా," అన్నాడు.

ఆ సాయంత్రమే కొత్త డబ్బా కొని, ఇక దాన్ని ఎవరూ ముట్టకుండా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అవసరానికి ఉండాలని తాళంచెవులు మాత్రం మూడు చేయించాడు.