ఇక్కడ కింద అక్కడ

మన విద్యావిధానం ప్రపంచానికే తలమానికమని అధికారికంగా తేలింది. తేల్చినవాడు విద్యాశాఖ కార్యాలయం నాలుగో అంతస్తులో, నీళ్ళ కూలర్ పక్కన కూర్చునే టైపిస్టు. కావాలని తేల్చలేదు పాపం. ఏడో తరగతి చదివే కూతుర్ని రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, పుస్తకం ముందు కూర్చోబెట్టి, కునికితే తట్టడం అతని విధి. ఆ తరువాత ఆఫీసుకొచ్చి కునకడం అతని హక్కు.

సంగతేమిటంటే, పెద్దలు అయిదుగురు పదిహేను రోజులు మరో దేశం తిరిగి, అక్కడి చదువునూ ఇక్కడి చదువునూ సరిపోల్చి వచ్చారు. వాళ్ళ రాతప్రతి చదువుతుంటే టైపిస్టుకు కళ్ళు చెమర్చాయి. అక్కడ పిల్లలు ఏడింటిదాకా నిద్రపోతారట. ర్యాంకులు లేవట. ఒక పిల్లాడు పీరియడంతా చీమను చూస్తూ ఉండిపోతే, టీచరమ్మ కూడా పక్కన చతికిలబడి చూసిందట. ఈ నివేదిక అమలైతే తన కూతురికి మూడు గంటల నిద్ర దక్కుతుంది. ఆ ఆనందంలో, పైగా నిద్రమత్తులో, పట్టిక శీర్షికల్లో ‘అక్కడ’ అని ఉండాల్సిన చోట ‘ఇక్కడ’ అనీ, ‘ఇక్కడ’ అని ఉండాల్సిన చోట ‘అక్కడ’ అనీ టైపు చేసేశాడు.

అయిదుగురూ సంతకాలు పెట్టారు. చదివి సంతకం పెట్టే దురలవాటు మన పెద్దలకు లేదని తమకు తెలియనిది కాదు.

విద్యామంత్రిగారు మాత్రం చదివారు. చదివి, నిండు సభలో కంటతడి పెట్టారు. “అక్కడ పిల్లల సంచి పదకొండు కిలోలట. మెట్లు కూడా పక్కవాటుగా ఎక్కుతారట. ప్రతి శనివారం పరీక్షేనట. వాళ్ళు మాత్రం తల్లి కన్న బిడ్డలు కారా? మన పిల్లలు ఎంత అదృష్టవంతులో చూడండి” అన్నారు. సభ బల్లలు చరిచింది. సంస్కరణలు అనవసరమని తీర్మానించింది. ఆ దేశపు పిల్లలకు సంఘీభావంగా మన పిల్లలు ఆదివారం కూడా బడికొచ్చి సానుభూతి వ్యాసం రాయాలని ఉత్తర్వు వెలువడింది. ఆ దేశానికి సంతాప లేఖ వెళ్ళింది. జవాబు రాలేదు. దుఃఖంలో ఉన్నారని అర్థం చేసుకున్నాం.

అది విన్నాక టైపిస్టుకు తన పొరపాటు తెలిసొచ్చింది. వెళ్ళి సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు.

“సార్, రెండు మాటలు తారుమారయ్యాయండి.”

“ఎవరైనా అడిగారా?”

“లేదండి.”

“మరి కొరివితో తల గోక్కోవడం దేనికయ్యా? మంత్రిగారు ఏడ్చేశారు. ఆ కన్నీళ్ళు వెనక్కి తీసుకోండని ఫైలు పెట్టమంటావా?”

ఉద్యోగం పోతే కూతుర్ని చదివించేదెలా? టైపిస్టు సీటుకొచ్చి మిషన్‌కు మరో కాగితం ఎక్కించాడు.

ఆ పట్టిక ఏడో తరగతిలో పాఠమైంది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న కూడా అయింది: రెండు దేశాల విద్యావిధానాలకు గల తేడాలు రాయుము. కూతురు తనకు తెలిసినదంతా రాసింది. ఇక్కడ సంచి బరువు, శనివారం పరీక్ష, చీమను చూసినందుకు తనకు వేయించిన గోడకుర్చీ. సున్నా వచ్చింది. దాని కింద ఎర్ర సిరాతో, ‘చూసింది రాయరాదు, చదివింది రాయాలి’ అని ఉంది.

“నాన్నా, నేను రాసింది తప్పా?”

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన తండ్రి దేశం మొత్తమ్మీద అతనొక్కడే.

“పుస్తకంలో ఉన్నదే ఒప్పమ్మా” అన్నాడు.

మర్నాడు నాలుగింటికి కాదు, ప్రశ్న ముఖ్యమైనది కనుక మూడున్నరకే లేపాడు. “ఇక్కడ పిల్లలు ఏడింటిదాకా హాయిగా నిద్రపోతారు, ఇక్కడ పిల్లలు ఏడింటిదాకా హాయిగా…” అని బట్టీ పడుతూ కూతురు కునికింది. అతను భుజం తట్టాడు. ఎదురింట్లో, పక్కింట్లో, వీధి చివరిదాకా దీపాలు వెలుగుతున్నాయి. ప్రతి కిటికీలోంచీ అదే వాక్యం వినిపిస్తోంది. మీ కిటికీలోంచి కాస్త గట్టిగానే.